నేలలో నిలిచిన ఆవేశం ఎవరిది?

సింగపూర్ లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు వెంట నడిచేవారి చూపు ముందుగా నిలిచేది నగల దుకాణాల అద్దాల దగ్గర. ఆ అద్దాల వెనుక ఉన్నంత ఒత్తుగా బంగారం భూమిలో ఎక్కడా ఉండదు. టన్ను రాతిలో కొన్ని గ్రాములుంటే అది గనికి యోగ్యమైనదే. అనంతపురం ప్రాంతపు రామగిరిలోనైనా, కుప్పం దగ్గరి చిగురుగుంటలోనైనా అది క్వార్ట్జ్ సిరల్లో సన్నని నలుసులుగా చెదిరి ఉంటుంది. అంత స్వల్పమైన లోహాన్ని నేల పైనుండి నేరుగా పట్టుకోవడం సాధ్యం కాదు. అందువల్ల భూభౌతికశాస్త్రజ్ఞులు వెదికేది బంగారాన్ని కాదు, తరచు దాని వెంట ఉండే పైరైట్, ఆర్సెనోపైరైట్ వంటి సల్ఫైడ్ ఖనిజాలను. ఆ వెదుకులాటకు బాగా అక్కరకొచ్చే పద్ధతి ప్రేరిత ధ్రువణం.

నేలలో రెండు ఎలక్ట్రోడ్లు పాతి కొన్ని సెకన్ల పాటు విద్యుత్తును పంపి, హఠాత్తుగా ఆపివేస్తారు. మరో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజి వెంటనే సున్నా కావలసింది. కొన్ని చోట్ల అలా కాదు. కొంత మిగిలి, మెల్లగా అణగారుతుంది. కాన్‌రాడ్ ష్లంబర్జే ఈ ప్రభావాన్ని 1920లో ప్రచురించిన తన గ్రంథంలోనే ప్రస్తావించాడు. అయితే అన్వేషణలో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది రెండవ ప్రపంచయుద్ధం తరువాతనే.

కారణం రాతి సూక్ష్మనిర్మాణంలో ఉంది. రాతి రంధ్రాల్లోని నీటిలో విద్యుత్తును మోసేవి అయాన్లు, సల్ఫైడ్ రేణువులో మోసేవి ఎలక్ట్రాన్లు. వాహకం మారే ఆ సరిహద్దు దగ్గర అయాన్లు గుమిగూడతాయి. విద్యుత్తు ఆగగానే అవి చెదిరి తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయమే ఆ మిగులు వోల్టేజి. ఇది ఉపరితలంపై జరిగే వ్యవహారం కనుక, ఒక్క ముద్దగా ఉన్న ఖనిజం కన్నా రాతి నిండా చల్లినట్టున్న సన్నని రేణువులే ఈ పద్ధతికి ఎక్కువగా దొరుకుతాయి.

చిక్కు ఏమిటంటే, ఆవేశాన్ని నిలుపుకునేవి సల్ఫైడ్లు మాత్రమే కావు. లిటిల్ ఇండియా ప్రాంతపు పాత పేరు కాండాంగ్ కెర్బావ్, మలయ్ భాషలో గేదెల కొట్టం. ఒకప్పుడు పశువుల పెంపకానికి అనువైన చిత్తడి నేల అది. పక్కనున్న రోచోర్, కల్లాంగ్ పరీవాహకంలో సముద్రపు బంకమట్టి మందంగా ఉంది. బంకమట్టి రేణువుల ఉపరితలం ఋణావేశంతో ఉంటుంది. ఇరుకైన రంధ్రాల్లో ధనాయాన్లను సాగనిచ్చి, ఋణాయాన్లను అడ్డుకుంటుంది. ఫలితంగా లోహమేదీ లేకుండానే ధ్రువణం పుడుతుంది. అయితే బంకమట్టి పెరిగిన కొద్దీ సంకేతమూ పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఇసుకలో కొద్దిగా కలిసినప్పుడు సంకేతం బలంగా ఉంటుంది, ఉప్పునీటితో నానిన మందపు పొరలో బలహీనపడుతుంది. పైగా ఆ వీధుల కింద పైపులు, కేబుళ్లు, మెట్రో పట్టాలు. అక్కడ ఎవరైనా ఈ సర్వే తలపెడితే కొలిచేది భూమిని కాదు, నగరపాలనను!

దీనికి విరుద్ధమైన సమస్య తెలుగునేలపై ఉంది. అగ్నిగుండాల ప్రాంతంలో బండ్లమోటు సీసపు ఖనిజం గెలీనా, నల్లకొండ రాగి ఖనిజం ఛాల్కోపైరైట్. రెండూ ఎలక్ట్రాన్లను మోసేవే కనుక పద్ధతికి అందుతాయి. కాని జింకు ఖనిజం స్ఫాలరైట్ సాధారణంగా విద్యుత్తును సరిగా మోయదు, కాబట్టి పక్కన గెలీనాయో పైరైటో లేకపోతే కనిపించకుండా పోవచ్చు. మంగంపేట ముగ్గురాయి ఎంత పెద్ద నిక్షేపమైనా ఈ పద్ధతికి మౌనమే. బరువైన ఆ ఖనిజానికి గురుత్వ సర్వే మేలు.

అన్నిటికన్నా మోసగించేది గ్రాఫైట్. తూర్పు కనుమల ఖోండలైట్ శిలల్లో అది రేకులుగా ఉంటుంది, సల్ఫైడ్లతో సమానంగా, ఒక్కోసారి మించి ధ్రువణమిస్తుంది. పటంలో రెంటికీ ఒకే ఎర్రమచ్చ. ఆ మచ్చను నమ్మి వందల మీటర్లు డ్రిల్లింగ్ చేయించినవారికి పెన్సిలు ముక్కుకు పనికొచ్చే నల్లరాయి దక్కడం అన్వేషణలో తెలిసిన విషాదమే.

ఈ భేదాన్ని పట్టడానికి 1978లో పెల్టన్, అతని సహచరులు ఒక మార్గం చూపారు. ఎంత ఆవేశం నిలిచిందన్నదొక్కటే కాదు, ఎంత సేపటికి కరిగిందన్నదీ చూడాలని. ఇందుకు విద్యుత్తును అనేక పౌనఃపున్యాల వద్ద పంపి, ఫలితాన్ని కోల్–కోల్ సూత్రంతో సరిపోల్చారు. 1941లో కోల్ సోదరులు విద్యుద్రోధక పదార్థాల కోసం తయారుచేసిన సూత్రమది. అందులోని కాలస్థిరాంకం ప్రధానంగా రేణువు పరిమాణాన్ని బట్టి మారుతుంది. సన్నని సల్ఫైడ్ రేణువుల్లో తక్కువ, ఒకదానితో ఒకటి కలిసి పొడవుగా సాగిన గ్రాఫైట్ పొరల్లో చాలా ఎక్కువ. తీగల మధ్య పుట్టే విద్యుదయస్కాంత ప్రేరణ కూడా ధ్రువణంలాగే కనిపించి కొలతను పాడుచేస్తుంది. దాని తీరు వేరు కనుక, అదే విశ్లేషణతో దాన్నీ చాలావరకు వేరుచేయవచ్చు.

ఇంత చేసినా పెద్ద రేణువుల సల్ఫైడ్ సిర కొన్నిసార్లు గ్రాఫైట్ విలువల్లోకే జారుతుంది. అందుకే ఆ ప్రాంతపు రాళ్ళను, పాత బోరుబావుల నుండి తీసిన కడ్డీలను ముందుగా ప్రయోగశాలలో కొలిచి, అక్కడి గ్రాఫైట్, అక్కడి సల్ఫైడ్ ఎలా కరుగుతాయో నమోదు చేసుకున్నాకే, క్షేత్రంలోని మచ్చల్లో ఏది ముందు తవ్వాలో నిర్ణయిస్తారు.