పగిలిన చిలుంకు ఇంట్లోనే మరమ్మతు
జిగురు పూస్తే ముప్పు తప్పదు

దోమ: బీడీ కట్ట ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుంది. మట్టి చిలుం అలా దొరకదు. దోమ, పరిగి, తాండూరు ప్రాంతాల ఊళ్లలో, తండాల్లో పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని చిలుం వెలిగించే పెద్దలు ఇంకా అక్కడక్కడ కనిపిస్తారు. కుమ్మరి చక్రం తిరిగే ఇళ్లు తగ్గిపోవడంతో చిలుం అంచు విరిగినా, చిన్న చీలిక పడినా ఉన్నదాన్నే బాగుచేసుకోక గత్యంతరం లేదు. వెనుకటివారు ఈ పని తీగతో, దారంతో చేసుకునేవారు. ఇప్పుడు చేతికి అందిన జిగురు ఏదో ఒకటి పూయడం సులువైపోయింది. చిక్కంతా అక్కడే వస్తున్నది. వేడికి కరిగిన జిగురు పొగతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బీజాపూరు నుంచి ఆగ్రాకు

పొగాకు గొట్టం దక్కనుకు కొత్త కాదు. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన పొగాకు మొగలాయి కొలువు కన్నా ముందే బీజాపూరుకు చేరింది. 1604 ప్రాంతంలో అక్బరు దూత అసద్ బేగ్ దాన్ని అక్కడ చూసి, రత్నాలు పొదిగిన పొడవాటి గొట్టంతో సహా తీసుకుపోయి చక్రవర్తికి సమర్పించాడు. అక్బరు నోట పెట్టుకోబోతే వైద్యుడు వారించాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించినా ఆ నిషేధం నిలవలేదు. తర్వాతి కాలంలో బీదరు పనివారు వెండి పొదిగిన హుక్కా కుదుళ్లు చేసి పెద్దల ఇళ్లకు పంపారు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలను నేటికీ చూడవచ్చు. పేదవాడి చేతికి మాత్రం మట్టి చిలుమే దక్కింది.

ముందు శుభ్రం, తర్వాత పరీక్ష

చిలుం చూడటానికి చిన్న గరాటులా ఉంటుంది. వెడల్పు వైపు పొగాకు, నిప్పు పెడతారు. నిప్పు నోట్లోకి జారకుండా లోపల చిన్న రాయి వేస్తారు. సన్నని కొనకు తడిగుడ్డ చుట్టి పొగ పీలుస్తారు.

మరమ్మతుకు ముందు చిలుం పూర్తిగా చల్లారాలి. రాయి తీసి బూడిద దులపాలి. పాత నూలు గుడ్డను పొడవైన పీలికగా చించి చిలుంలో దూర్చి, ఒక కొనను కాలి బొటనవేలికి కట్టుకుని, మరో కొనను చేత పట్టుకుని చిలుంను పైకీ కిందికీ లాగితే లోపలి నల్లని జిడ్డు ఊడి వస్తుంది. మొండి జిడ్డు పోవాలంటే పొయ్యి నిప్పుల్లో కాల్చి, బూడిదలోనే మెల్లగా చల్లారనివ్వాలి. వేడి మీద నీళ్లు పోస్తే ఠపీమని పగులుతుంది.

శుభ్రమయ్యాక సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టే గోటితో మీటి చూడాలి. ఖంగుమంటే గట్టిది. బొద్దు చప్పుడు వస్తే ఎక్కడో చీలిక ఉన్నట్టు లెక్క.

తీగ కట్టు, పొన్ను

పెదవి తగిలే కొన పెచ్చు ఊడితే సానరాయిని తడిపి దాని మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీయాలి. తడి ఉంటే దుమ్ము లేవదు. నున్నగా అయ్యేవరకూ రుద్దకపోతే పెదవి కోసుకుంటుంది.

ఒంటి మీద వెంట్రుక వాసి చీలిక ఉంటే పచ్చి మట్టి మెత్తి లాభం లేదు. ఆవంలో కాలని మట్టి అతుక్కోదు, ఎండి రాలిపోతుంది. దానికి తగిన మందు రాగి తీగ. చీలిక ఉన్న చోట ఆకురాయితో చుట్టూ పలుచని గాడి తీయాలి. తీగను రెండు చుట్లు వేసి సన్నని కొన నుంచి వెడల్పు వైపుకు జరపాలి. జరిగిన కొద్దీ అదే బిగుసుకుంటుంది. గాడిలో కూర్చున్నాక పటకారుతో మెలిపెట్టి కొన లోపలికి వంచాలి. చీలిక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పాకితే ఏ కట్టూ నిలవదు. అటువంటి చిలుంను పారవేయడమే మేలు.

హుక్కాకు ఉండే కర్ర గొట్టం వదులైతే మైనం రాసిన నూలు దారం చుట్టి బిగిస్తే గాలి పోదు. కర్ర చీలితే రోకలికి వేసినట్టు చిన్న ఇత్తడి పొన్ను వేయాలి. పట్నం నుంచి వచ్చిన చెక్క పైపులకూ ఇదే సూత్రం. వాటి నోటి గొట్టాన్ని వేడిగా ఉన్నప్పుడు తిప్పి లాగితే కాడ చీలిపోతుంది. గిన్నెలో పేరుకున్న మసిని పూర్తిగా గీకివేయకూడదు. చెక్క కాలిపోకుండా పలుచని పొర ఉంచాలి.

వేటిని వాడకూడదు

చిలుంలో నిప్పు వేడి వందల డిగ్రీలు ఉంటుంది. రెండు గొట్టాల నుంచి పిండి కలిపే ఎపాక్సీ జిగురు అంత వేడికి ఆగదు. మెత్తబడి, మాడి విషపు పొగ వదులుతుంది. ప్లాస్టిక్ పైపు ముక్కలు, కరెంటు తీగలకు చుట్టే టేపు, సీసం కలిసిన టంకం, రంగు పూసిన తీగ కూడా పనికిరావు. బాగుచేసిన రోజు వాసన తెలియకపోవచ్చు. రోజూ పీల్చేవారికి మాత్రం అది కొత్త విషమే అవుతుంది.

చిలుం కడిగిన నీటిలో నికోటిన్ ఉంటుంది. ఆ నీటిని పిల్లలు, పశువులు ముట్టే చోట పారబోయరాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అసలు మరమ్మతు

ఎంత చక్కగా బాగుచేసినా చిలుం పొగ మంచిది కాదు. తడిగుడ్డ గానీ, హుక్కాలోని నీరు గానీ విషాన్ని ఆపలేవు. ఒకే చిలుం చేతులు మారితే క్షయ వంటి జబ్బులు కూడా చేతులు మారతాయి. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తెలంగాణలో హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ 2024లో శాసనసభ బిల్లు ఆమోదించింది. ఇంటి అరుగు మీది చిలుం విషయం మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది. మానాలనుకునేవారు 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

తాత ముత్తాతల నాటి చిలుంను పారవేయడానికి మనసొప్పదు. తీగ కట్టి, తుడిచి, గూట్లో దాచుకోవచ్చు. పగిలిన చిలుంకు రాగి తీగ ఉంది. చెడిన ఊపిరితిత్తికి అటువంటి కట్టు లేదు.