ఫిరంగుల మధ్య సంగీత కచేరీ

1942 ఆగస్టు 9. మన దేశ చరిత్రలో మరపురాని తేదీ. ఆ తెల్లవారుజామున బొంబాయిలో గాంధీజీని అరెస్టు చేశారు. ‘క్విట్ ఇండియా’ ఉద్యమం దేశమంతటా రాజుకుంది. సరిగ్గా ఆ ఆదివారం సాయంత్రమే రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరంలో ఒక సంగీత కచేరీ జరిగింది. వాయించినవారు తిండి లేక ఎముకల గూళ్లయిన మనుషులు. నగరం చుట్టూ శత్రువుల ఫిరంగులు. యుద్ధం గురించీ సంగీతం గురించీ కలిపి మాట్లాడే చోట నేటికీ ఆ కచేరీ ప్రస్తావన రాక మానదు.

125 గ్రాముల రొట్టె

హిట్లర్ సేనలు 1941 జూన్ 22న సోవియట్ యూనియన్ మీద పడ్డాయి. సెప్టెంబరు 8 నాటికి లెనిన్‌గ్రాడ్‌కు నేల మీది దారులన్నీ మూసుకుపోయాయి. పోరాడి పట్టుకోవడం కన్నా నగరాన్ని ఆకలితో మాడ్చడమే మేలని జర్మన్లు తలచారు. లోపల ఇరవై లక్షలకు పైగా జనం చిక్కుకుపోయారు.

ఆ నవంబరు 20 నుంచి కార్మికులకు రోజుకు 250 గ్రాముల రొట్టె ఇచ్చారు. ఉద్యోగులకు, పిల్లలకు, ముసలివారికి 125 గ్రాములే. ఆ రొట్టెలో కూడా సగం పొట్టూ, తవుడూ! కరెంటు లేదు. కుళాయిల్లో నీళ్లు గడ్డకట్టాయి. లడోగా సరస్సు గడ్డకట్టాక ఆ మంచు మీదుగా లారీల్లో వచ్చే పిండే నగరానికి ఊపిరి. ముట్టడి ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా పౌరులు చనిపోయారు. పది లక్షల దాకా ఉంటారని కొందరి లెక్క. ఎక్కువమందిని చంపింది బాంబులు కాదు, ఆకలి.

రేడియోలో కార్యక్రమాలు లేనప్పుడు గడియారం కొట్టుకున్నట్టు ‘టిక్ టిక్’ మనే చప్పుడు వినిపించేది. నగరం ఇంకా బతికే ఉందని జనానికి అదే గుర్తు.

మంటలార్పే సంగీతకారుడు

ద్మిత్రి షోస్తకోవిచ్ ఆ నగరంలోనే 1906లో పుట్టాడు. యుద్ధం వచ్చేనాటికే పేరుమోసిన సంగీతకర్త. బాంబు దాడుల్లో మంటలార్పే దళంలో చేరి, సంగీత కళాశాల కప్పు మీద కాపలా కాశాడు. ఆ రోజుల్లోనే తన ఏడవ సింఫొనీ రాయడం మొదలుపెట్టాడు. మూడు భాగాలు లెనిన్‌గ్రాడ్‌లోనే పూర్తయ్యాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆయనను విమానంలో బయటకు తరలించింది. మిగిలిన భాగాన్ని కూయిబిషెవ్ పట్టణంలో డిసెంబరు నెలాఖరుకు ముగించాడు. అక్కడే 1942 మార్చి 5న తొలి కచేరీ జరిగింది.

సింఫొనీ అంటే పాట కాదు. సాధారణంగా మాటలుండవు. మన పెళ్లి మేళంలో సన్నాయీ, డోలూ కలిసి వాయిస్తాయి కదా. అక్కడ వయొలిన్లు, వేణువులు, బాకాలు, డోళ్లు కలిపి వందమంది దాకా వాయిస్తారు. ఈ కృతి సుమారు గంటా పావు సాగుతుంది. మొదటి భాగంలో ఒకచోట చిన్న డోలు మెల్లగా మొదలవుతుంది. దాని మీద ఒక చిన్న వరుస. అదే వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా కొత్త వాద్యాలు చేరి చప్పుడు పెరుగుతుంది. చివరకు సైన్యం మీదికి వచ్చి పడుతున్నట్టే ఉంటుంది.

వచ్చింది పదిహేనుమంది

ఈ కృతిని లెనిన్‌గ్రాడ్‌లోనే వాయించాలని అధికారులు నిశ్చయించారు. నగరంలోని పెద్ద వాద్యబృందం అప్పటికే సైబీరియాకు తరలిపోయింది. మిగిలింది రేడియో వాద్యబృందం ఒక్కటే. దాన్ని నడిపించే కండక్టరు కార్ల్ ఎలియాస్బెర్గ్. చేతిలో చిన్న కర్రతో తాళం చూపిస్తూ అందరినీ ఒక్క తాటి మీద నడపడం ఆయన పని. ఆకలితో ఆయనే మంచాన పడి లేచాడు.

మార్చి నెలాఖరులో తొలి సాధకానికి వచ్చింది పదిహేనుమందే. తక్కినవారిలో కొందరు చనిపోయారు, కొందరు లేవలేని స్థితిలో ఉన్నారు. సన్నాయికీ బాకాకీ ఊపిరి కావాలి, పెదవుల్లో బలం కావాలి. అవి రెండూ వారికి లేవు. కాసేపటికే సాధకం ఆపేశారు. ఆ తర్వాత వాద్యకారులకు అదనపు రేషను ఇచ్చారు. సైన్యంలో బ్యాండు వాయించేవారిని పంపించమని కబురు పెట్టారు. సంగీత ప్రతి విమానంలో వచ్చింది. ఒక్కొక్కరు వాయించవలసిన భాగాన్ని చేత్తో ఎత్తిరాసుకున్నారు. సాధకాలు జరుగుతుండగానే కొందరు కన్నుమూశారు. కృతి మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించి చూసుకున్నది కచేరీకి ముందు ఒక్కసారే.

ముందు ఫిరంగులు, తర్వాత వాద్యాలు

కచేరీ నాడు శత్రువు గుండ్లు హాలు మీద పడకూడదు. అందుకని నగరాన్ని కాపాడే సైన్యాధిపతి గోవొరోవ్ ముందుగానే జర్మన్ ఫిరంగి స్థావరాల మీద గుళ్లవాన కురిపించాడు. సాయంత్రం హాలులో దీపాలన్నీ వెలిగాయి. జనం కిక్కిరిశారు. సైనికులు నేరుగా యుద్ధరంగం నుంచి వచ్చారు. రేడియో ద్వారా, వీధుల్లోని మైకుల ద్వారా నగరమంతా విన్నది. జర్మన్ బలగాలున్న వైపుకూ మైకులు తిప్పారు. కచేరీ ముగిశాక ఒక అమ్మాయి ఎలియాస్బెర్గ్ చేతికి పూలగుత్తి అందించింది. తిండిగింజ దొరకని ఊళ్లో పూలు!

సంగీతం ఏం చేసింది?

కచేరీతో ముట్టడి తొలగలేదు. 1944 జనవరి 27న సైన్యం దాన్ని పూర్తిగా తొలగించేవరకు, ఇంకా పదిహేడు నెలలకు పైగా నగరం బాధలు పడింది. ప్రభుత్వానికి ఇందులో ప్రచార ప్రయోజనమూ ఉంది. ఈ సంగీతం హిట్లర్ ఒక్కడి గురించేనా, స్టాలిన్ కాలపు భయం కూడా ఇందులో ఉందా అని పండితులు నేటికీ వాదించుకుంటారు.

అయితే ఆనాడు హాలులో కూర్చున్నవారి సంగతి వేరు. నెలల తరబడి వారు రొట్టె కోసం క్యూలో నిలబడ్డారు, శవాలను మంచు బండి మీద లాగారు. ఆ గంటా పావు సేపు వారు మళ్లీ ఒక ఊరి జనంగా ఒకచోట కూర్చున్నారు. శత్రువు వారి నుంచి లాక్కోవాలనుకున్నది అదే.

ముట్టడి తొలగిన ఇరవై ఏళ్లకు, 1964 జనవరి 27న, బతికి ఉన్న వాద్యకారులు మళ్లీ కలిశారు. అదే హాలు, అదే కృతి, అదే ఎలియాస్బెర్గ్. షోస్తకోవిచ్ 1975లోనూ, ఎలియాస్బెర్గ్ 1978లోనూ చనిపోయారు. 1991లో లెనిన్‌గ్రాడ్ తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్ అయింది. ఆ హాలులో ఇప్పటికీ కచేరీలు జరుగుతూనే ఉన్నాయి.