“ఏం కొట్టాలి?” అని అడిగే ముందు ఆకు తిప్పి చూడండి

ఈ వీడియోలో ముడత వచ్చిన మిరప మొక్కల్ని పక్కపక్కన పెట్టి, ఆకు అడుగుభాగం దగ్గరగా చూపించాను. వీడియోలో మోతాదులు, లెక్కలు వివరంగా చెప్పే వీలు ఉండదు కాబట్టి అవన్నీ ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూస్తూ ఇది పక్కన పెట్టుకోండి.

మిద్దె తోటలు, పెరటి తోటలు పెంచేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. “అన్నా, మిరప ముడుచుకుపోతోంది, ఏం కొట్టాలి?” ఫోటో చూస్తే మొక్క పైనుంచి తీసి ఉంటుంది. ఆకు అడుగు కనపడదు, కుండీలో మట్టి కనపడదు. పైనుంచి చూస్తే జబ్బు ఉందని తెలుస్తుంది గానీ ఏ జబ్బో తెలియదు. ఈలోపు దుకాణానికి వెళ్తే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. ఎల్లుండి కోసి పప్పులో వేసుకునే ఆకుకూర పక్కనే ఆ మందు పడుతుంది. పైగా చాలాసార్లు ఆ మందుకీ ఆ జబ్బుకీ సంబంధమే ఉండదు.

మందు మాట ఎత్తకముందు ఐదు చూపులు

1. మట్టి. వేలు రెండు కణుపుల లోతు దించండి. మట్టి తడిగా ఉండీ మొక్క వాడిపోతుంటే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతున్నట్టు అనుమానించాలి. వాడిందని ఇంకా నీళ్లు పోస్తే మొక్క పోతుంది. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూసి, పై మట్టి గుల్ల చేసి, ఆరనివ్వండి.

2. ఏ ఆకు? కింది ముదురు ఆకులు మొత్తం పసుపు అయితే సాధారణంగా నత్రజని లోపం. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు అయితే మెగ్నీషియం వైపు చూడాలి. అదే గుర్తు కొత్త చిగురులో కనపడితే ఇనుము అందట్లేదని. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే చోట ఇది మామూలే. ఇవేవీ పురుగు పనులు కావు.

3. ఆకు అడుగు. రసం పీల్చే పురుగుల్లో ఎక్కువ భాగం కాపురం అక్కడే. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఏ మందు డబ్బా కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

4. తెల్లకాగితం. చిగురు కింద కాగితం పట్టి రెండు మూడు సార్లు తట్టండి. ఏం రాలిందో, ఎలా పాకుతోందో చూడండి.

5. చీమలు. కాండం మీద చీమల బారు ఉందంటే పైన ఎక్కడో పేనుబంకో పిండినల్లో ఉండే అవకాశం ఎక్కువ. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి.

ముడత ఒకటే, కారణాలు మూడు

మిరప ముడతని అందరూ ఒకే జబ్బు అనుకుంటారు. కానీ మూడు వేర్వేరు కారణాలున్నాయి, మూడింటికీ చేయాల్సింది వేరు.

పై ముడత: ఆకు అంచులు పైకి తిరిగి పడవలా అవుతాయి. ఆకు అడుగున వెండి మెరుపు, తర్వాత ఇటుక రంగు మచ్చలు. కాగితం మీద తడితే సన్నటి పసుపు రంగు నలకల్లాంటివి చకచకా పరిగెడతాయి. ఇవి తామర పురుగులు. 2021–22 సీజన్‌లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల్ని దెబ్బతీసింది వీటిలోనే థ్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త రకం. అది పూల లోపల దాక్కుంటుంది. మందు మీద మందు కొట్టినా ఆగక తోటలు పీకేసిన రైతులు ఉన్నారు. కాబట్టి పువ్వు కూడా విప్పి చూడండి.

కింది ముడత: ఆకు అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా ఉంటాయి. ఆకు సన్నబడి ముదురు పచ్చగా అవుతుంది, తొడిమ సాగి ఎలుక తోకలా కనపడుతుంది. ఇది నల్లి. మామూలు కంటికి కనపడదు, భూతద్దం కావాలి.

వైరస్ ముడత: ఆకులు చిన్నవై, ముడతలు పడి, ఈనెలు దళసరిగా అవుతాయి. కణుపులు దగ్గర దగ్గరగా వచ్చి మొక్క గుబురుగా, గిడసబారి ఉంటుంది. మొక్క కదిపితే తెల్లటి చిన్న దోమలు లేస్తాయి. ఆ తెల్లదోమే వైరస్‌ని మొక్క నుంచి మొక్కకి మోస్తుంది.

ఇప్పుడు అసలు నష్టం ఎక్కడో చూడండి. నల్లి పీడించే మొక్క మీద తామర పురుగనుకొని సింథటిక్ పైరిథ్రాయిడ్ కొట్టారనుకోండి. నల్లి చావదు. దాన్ని తినే మేలు నల్లులు, సాలీళ్లు, అక్షింతల పురుగులు చస్తాయి. అడ్డు లేకపోయేసరికి నల్లి ఇంకా పెరుగుతుంది. “మందు పని చేయలేదు, డోసు పెంచాలి” అని మళ్లీ కొడతారు. ఇక వైరస్ మొక్క సంగతికొస్తే, దానికి ఏ మందూ లేదు, ఏ కషాయమూ లేదు. నెల రోజులు కొట్టినంత కాలం అది పక్క మొక్కలకి అంటిస్తూనే ఉంటుంది.

ఏది అయితే ఏం చేయాలి

తామర పురుగు అయితే: బాగా ముడుచుకున్న చిగుర్లు తుంచి కవర్లో వేసి ముడి వేసి తీసేయండి. నీలం రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. వీటిలో చాలా రకాల ప్యూపా దశ మట్టిలో గడుస్తుంది. అందుకే కుండీ పై మట్టిలో గుప్పెడు వేప పిండి కలిపి, ఎండు ఆకులతో ఆచ్ఛాదన చేయాలి. తర్వాత వేప గింజల కషాయం.

నల్లి అయితే: చిగుర్లు తుంచి, మూడు నాలుగు రోజులు ఉదయం పూట ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. తర్వాత వేపనూనె. అడుగు తడవకపోతే కొట్టనట్టే లెక్క.

వైరస్ అయితే: బాధగా ఉన్నా పీకేయాల్సిందే. పొద్దున్నే, తెల్లదోమ ఇంకా మందకొడిగా ఉన్నప్పుడు మొక్క మీద పెద్ద కవర్ కప్పి వేరుతో సహా తీయండి. మిగతా మొక్కల దగ్గర పసుపు జిగురు అట్టలు పెట్టండి. పొలంలో అయితే చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేస్తే తెల్లదోమకి అడ్డుకట్ట. పీకిన మొక్కకి ఉన్న కాయలు వండుకోవచ్చు, ఆ వైరస్ మనుషులకి రాదు.

ఇంకొన్ని, త్వరత్వరగా

వంగలో ఒక్కో కొమ్మ చివర మాత్రమే వాలిపోతే అది కొమ్మ, కాయ తొలిచే పురుగు. పురుగు కొమ్మ లోపల ఉంటుంది కాబట్టి పైన కొట్టింది దానికి తగలదు. వాడిన చోటుకి ఒక అంగుళం కింద కత్తిరించి నాశనం చేయండి. నాలుగు మొక్కలకి కత్తెర చాలు. తోట పెద్దదైతే లింగాకర్షక బుట్టలు పెట్టండి.

టమాట కాయ అడుగున నల్లగా తోలులా మచ్చ పడితే అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయకి కాల్షియం సరిగా అందక వస్తుంది. ఒకరోజు ఎండగట్టి, మర్నాడు ముంచెత్తితే ఇదే జరుగుతుంది. నీళ్లు సమంగా పోసి, ఆచ్ఛాదన వేస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

బెండ, టమాట, వంగ ఎదగకుండా మధ్యాహ్నం వాడి సాయంత్రం లేస్తుంటే ఒక మొక్క పీకి వేరు చూడండి. వేరు మీద బొడిపెలుంటే నులిపురుగు. ఆ మట్టికి వేప పిండి కలిపి, తర్వాత పంటగా బంతి వేయండి.

మందారం మీద పిండినల్లి ఉంటే ముందు చీమల దారి ఆపండి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది నీళ్లతో కడగండి. ఒక్క జాగ్రత్త: పిండినల్లి కంటే పెద్దగా, తెల్లటి పోగులతో, చురుగ్గా పాకే పిల్ల పురుగు కనపడితే చంపకండి. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు.

బీర, దోస ఆకుల మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. బాగా పులిసిన మజ్జిగ వడకట్టి లీటరు నీటికి 100 మి.లీ. కలిపి ఎండ ఉన్న పూట కొట్టండి. ముదిరిన ఆకులు తీసేయండి.

మోతాదులు

వేప గింజల కషాయం: లీటరు నీటికి 50 గ్రాముల వేప పప్పు పొడి. గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి వడకట్టాలి. కొద్దిగా కుంకుడు రసం కలిపి అదే రోజు సాయంత్రానికి వాడేయాలి.

వేపనూనె: లీటరుకు 5 మి.లీ. ముందు కుంకుడు రసంలో బాగా గిలక్కొట్టి, తర్వాత నీళ్లు కలపండి. నూనె పైన తేలితే ఆకు మాడుతుంది. డబ్బా మీద అజాడిరక్టిన్ 10,000 పీపీఎం అని ఉంటే ఈ లెక్క వద్దు, డబ్బా మీద రాసిన మోతాదే వాడండి.

ఏది కొట్టినా ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒకరోజు చూడండి. సాయంత్రమే కొట్టండి, ఎండకి వేప గుణం త్వరగా పోతుంది, పగలు తేనెటీగలు తిరుగుతాయి. గుడ్ల నుంచి కొత్త పిల్లలు వస్తుంటాయి కాబట్టి ఐదారు రోజులకి మళ్లీ కొట్టాలి. వేప పురుగు తిండిని, ఎదుగుదలని ఆపుతుంది, వెంటనే చంపదు. మర్నాడే చూసి “పని చేయలేదు” అనకండి. ముడుచుకున్న పాత ఆకు మళ్లీ విచ్చుకోదు, కొత్త చిగురు సాఫీగా వస్తోందా అన్నదే గుర్తు.

ఇంకోటి. కషాయం సహజమైనదని తోటంతా వారం వారం కొట్టే అలవాటు కూడా వద్దు. కుంకుడు రసం, నూనె తగిలితే మేలు పురుగు కూడా చస్తుంది. జబ్బున్న మొక్కకే, జబ్బున్నప్పుడే కొట్టండి.

ఫోటో పంపేవాళ్లు మూడు పంపండి: మొక్క మొత్తం, ఆకు అడుగు, కుండీ మట్టి. నీళ్లు ఎన్నాళ్లకోసారి పోస్తున్నారో ఒక మాట రాయండి. తర్వాతి వీడియోలో బీర, కాకరలో పండు ఈగకి బుట్టలు ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలో చూపిస్తాను. ఉంటానండి.