మీకు తెలుసా? పాత కారు పెట్రోలు ఎక్కడ తాగుతుందో

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో కొత్త బండి కొన్నవాళ్లు పెదకాకాని వచ్చి, భ్రమరాంబ మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తీసుకెళ్తారు. ఆ బండికి పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు వచ్చేసరికి మాత్రం మైలేజీ పడిపోయిందనీ, ఇంజిన్ పని అయిపోయిందనీ, అమ్మేద్దామనీ మాటలు మొదలవుతాయి. అమ్మే ముందు ఒకసారి డ్రైవరు కుడికాలి వైపు చూడమని నా విన్నపం. పాత గేర్ల బండిలో పెట్రోలు ఎక్కువగా ఖర్చయ్యేదీ, మిగిలేదీ అక్కడే.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఎంత పెట్రోలు పోతుందో తెలుసా?
మనుషులు, సామాను కలుపుకొని టన్ను బరువున్న కారు 60 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. అప్పుడు దానిలో సుమారు 1,39,000 జౌల్స్ శక్తి ఉంటుంది. లీటరు పెట్రోలులో దాదాపు 3.2 కోట్ల జౌల్స్ ఉన్నా, పాత ఇంజిన్ అందులో నాలుగో వంతు చక్రాలకు చేర్చిందంటే బాగా పనిచేస్తున్నట్టే. ఆ లెక్కన నిలబడ్డ బండిని 60కి తేవడానికి సుమారు 17 మిల్లీలీటర్లు కావాలి, అంటే మూడు టీస్పూన్ల పైమాట. బ్రేకు తొక్కి ఆపేస్తే అదంతా డ్రమ్ముల్లో, డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అలా అరవైసార్లు ఆపితే ఒక లీటరు పోయినట్టే.

మన ప్రాంతంలో ఘాట్ రోడ్లు అరుదు. పెదకాకాని నుంచి ఒంగోలు దాకా పత్తి చేలు, మిరప చేలు, బల్లపరుపు నేల. ఎత్తు ఎక్కడానికి ఇక్కడ ఖర్చు దాదాపు ఉండదు కాబట్టి పదేపదే వేగం పెంచడం, తగ్గించడం పెద్ద ఖర్చు. రోడ్డు తిన్నగా ఉండటం వల్ల స్పీడ్ బ్రేకరు, రోడ్డు దాటుతున్న గేదెలు, ముందు పోతున్న ట్రాక్టరు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. కనిపించగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది, బ్రేకుతో పెద్దగా పని ఉండదు. మైలేజీ కోసం ఒక్కటే అలవాటు నేర్చుకోగలిగితే, ఇదే నేర్చుకోమంటాను.

పై గేరులో పెట్రోలు ఎందుకు మిగులుతుంది?
ఇంజిన్ తక్కువ చుట్లు తిరుగుతుంది కనుక అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. మిగతా సగం, గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్‌లోని చిన్న పలకలో ఉంది. కింది గేరులో కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే ఆ పలక దాదాపు మూసుకునే ఉంటుంది. ఆ కొద్ది సందులోంచి గాలి లాక్కోవడానికి పిస్టన్లు, నొక్కిపెట్టిన స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టు శ్రమపడాలి. ఆ శ్రమకూ పెట్రోలే కాలుతుంది. అదే వేగంలో పై గేరు వేస్తే పలక ఇంకాస్త తెరుచుకుంటుంది, ఊపిరి సులువవుతుంది. అలాగని 30లో టాప్ గేరు వేయకూడదు. బండి వణికినా, ఇంజిన్‌లోంచి టకటక శబ్దం వచ్చినా వెంటనే ఒక గేరు దించాలి. పాత బళ్లలో చాలావాటికి చుట్లు చూపే మీటరు ఉండదు, మన చెవే మీటరు.

సిగ్నల్ దగ్గర ఊరికే రేజ్ ఇస్తే?
చాలా కార్బ్యురేటర్లలో యాక్సిలరేటర్ పంప్ అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. పెడల్ ఒక్కసారిగా నొక్కితే అది పచ్చి పెట్రోలును నేరుగా లోపలికి చిమ్ముతుంది. బండి చటుక్కున అందుకోవడానికి పెట్టింది అది. నిలబడి ఉన్నప్పుడు నాలుగుసార్లు కొడితే నాలుగుసార్లూ చిమ్ముతుంది. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ సంగతీ ఇంతే. గుంటూరు ఎండల్లో దాని అవసరమే తక్కువ. పుష్యమాసపు తెల్లవారుజామున లాగినా, ఇంజిన్ కుదుటపడగానే లోపలికి నొక్కేయాలి.

న్యూట్రల్‌లో దిగితే ఆదా అనుకుంటున్నారా?
కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్ బళ్లలో గేరులోనే ఉంచి కాలు తీసేస్తే, చుట్లు బాగా తగ్గేదాకా కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ పోయాల్సి వస్తుంది. కార్బ్యురేటర్ బళ్లలో చాలావాటికి ఈ వసతి లేదు, కాబట్టి న్యూట్రల్‌తో చుక్క మిగలొచ్చు. అయినా ఫ్లైఓవర్ దిగేటప్పుడు గేరులోనే ఉండండి. ఇంజిన్ ఆపేసి దిగడమైతే ప్రాణాలతో చెలగాటం. బ్రేకుకు సాయంచేసే వాక్యూమ్ రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, తాళం చెవి ఇంకాస్త తిరిగితే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.

వేగం కొంచెం పెరిగితే గాలి ఎంత అడ్డుకుంటుంది?
గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే ఆ బలం 56 శాతం ఎక్కువవుతుంది. మరి కలిసొచ్చే సమయం? వంద కిలోమీటర్లకు పదిహేను నిమిషాలు. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974 జనవరిలో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దేశమంతటా గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కి.మీ. మించకూడదనే చట్టంపై సంతకం చేశారు. అది పూర్తిగా పోయింది 1995లో. మన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ 45 నుంచి 55 కి.మీ. మధ్య నడపమంటుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఆ వేగంతో మధ్య లేన్‌లో పోవడం క్షేమం కాదు. ఎడమ లేన్ పట్టుకుని నిలకడగా 60, 65 చాలు.

మిరప సీజన్‌లో గుంటూరు యార్డుకు టిక్కీల (మిర్చి బస్తాల) లోడుతో పోయే లారీ వెనక అంటుకుపోతే గాలి అడ్డు తగ్గే మాట నిజమే. దయచేసి ఆ పని చేయకండి. లారీ సడన్ బ్రేకు వేస్తే ఆ దూరంలో కాలు కదిలే వ్యవధి కూడా ఉండదు.

టైర్లు చెప్పే అబద్ధం
మారుతి 800కు కంపెనీ అమర్చిన 145/70 ఆర్ 12 టైర్ల స్థానంలో, పట్టు బాగుంటుందని కొందరు 155/70 వేయిస్తారు. ఆ చక్రం చుట్టుకొలత దాదాపు మూడు శాతం ఎక్కువ. బండి నిజంగా 100 కి.మీ. తిరిగినా మీటరు 97 మాత్రమే చూపుతుంది. మైలేజీ పడిపోయిందనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెత్తేవారిలో కొందరి జబ్బు ఇదే.

గాలి తెల్లవారుజామునే చూపించాలి. మధ్యాహ్నం కాలిన రోడ్డు మీద తిరిగొచ్చిన టైరులో ఒత్తిడి నాలుగైదు పాయింట్లు ఎక్కువ కనిపించవచ్చు. అప్పుడు తీయించేస్తే మర్నాడు ఉదయానికి తక్కువైపోతుంది. పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితం, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి బండిని ఒకసారి తోసి చూడండి. మారుతి 800 లాంటి తేలిక బండి ఒక మనిషి తోస్తే కదలాలి. మొరాయిస్తే బ్రేకులు పట్టేస్తుండవచ్చు. ఆ బండిని ఎంత నేర్పుగా నడిపినా మైలేజీ రాదు.

ఆగి ఉన్నప్పుడు?
చిన్న పెట్రోల్ ఇంజిన్ ఊరికే తిరుగుతూ గంటకు అర లీటరుకు అటూ ఇటూగా తాగుతుంది. కాజ టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ వచ్చాక నిలబడే సమయం తగ్గింది. రైల్వే గేటు పడితే మాత్రం ఆపేయడమే మేలు. మళ్లీ స్టార్ట్ కావాలి కనుక, బ్యాటరీ నీరసంగా ఉంటే ముందు దాని సంగతి చూసుకోవాలి.

ఈ20 వల్ల మైలేజీ తగ్గుతుందా?
తగ్గుతుంది. ఈ20 అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. అసలు ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై, పది శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో ఈ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. అంటే 16 ఇచ్చే బండి 15 ఇస్తే, ఆ నేరం మీ కాలిదీ కాదు, బండిదీ కాదు. పాత బళ్లవాళ్లు మైలేజీ కంటే ముందు పెట్రోలు రబ్బరు పైపులు చూపించుకోవాలి. ఇథనాల్‌కు తట్టుకోలేని పాత రబ్బరు పగిలి కారితే మంటలొచ్చే ప్రమాదం ఉంది.

కాలుష్యం చీటీ చదివారా?
దానిలో కార్బన్ మోనాక్సైడ్ శాతం ఉంటుంది. అది ఎక్కువగా ఉందంటే పెట్రోలు సగం కాలి పొగగొట్టంలోంచి పోతోందని అర్థం. గ్లోవ్ బాక్సులో పడేయకుండా ఆ చీటీ ట్యూనింగ్ చేసే మెకానిక్‌కు చూపించండి.

నిజమైన మైలేజీ ఎలా తెలుస్తుంది?
వంద రూపాయలు, రెండొందలు కొట్టిస్తూ పోతే ఎప్పటికీ తెలియదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటోమేటిక్‌గా ఆగేదాకా ట్యాంకు నింపించి రీడింగ్ రాసుకోండి. మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే అలాగే నింపించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ బండి లెక్క. ఒక్కసారికి కొంత తేడా ఉండొచ్చు, మూడుసార్ల సగటు తీస్తే నమ్మొచ్చు. అలవాటు ఏది మార్చుకున్నా, దానికి ముందు సగటు, తర్వాతి సగటు పక్కపక్కన రాసి చూసుకోండి.