ఆంధ్రనాయక శతకం: నిందాస్తుతిలో భక్త్యానందం

ఉయ్యూరుకు దిగువన కృష్ణాతీరమందలి శ్రీకాకుళంలో వెలసిన స్వామి ఆంధ్రమహావిష్ణువు. ఆముక్తమాల్యదను రచింపుమని కృష్ణరాయలకు కలలో ఆనతిచ్చినది ఈ స్వామియే. ఆ స్వామినే దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు ఆంధ్రనాయక శతకంలో సీసపద్యాలతో ఎత్తిపొడిచాడు. దైవాన్ని నిందించేవానికి ఆనందమెక్కడిదన్న శంక సహజమే.

దీనికి సమాధానం నారద భక్తిసూత్రాలలో కనబడుతుంది. 84 సూత్రాల ఆ గ్రంథం భక్తిని పరమప్రేమరూపమనీ, అమృతస్వరూపమనీ నిర్వచించింది. అందు 64వ సూత్రం అభిమానదంభాదులను విడువుమంటుంది. వెంటనే 65వ సూత్రం, సమస్తాచారాలను భగవదర్పితం చేసినవాడు కామక్రోధాభిమానాదులను సైతం ఆయనయందే చూపవలెనంటుంది. ఇది పరస్పర విరోధం కాదు. విడువజాలని వికారాన్ని మళ్ళించే ఉపాయమిది. లోకంపైని కోపం ఫలాన్ని ఆశిస్తుంది. ఫలం దక్కినా ఆ సుఖం కొద్దికాలానిదే. స్వామిపైని కోపం స్మరణగా పరిణమిస్తుంది. స్మరింపబడేవాడు నిత్యుడు గనుక ఆ ఆనందానికి తరుగులేదు.

శిశుపాలుని దూషణతో దీనిని కలపరాదు. ద్వేషంచేత భగవంతుని చేరినవారిలో భాగవత సప్తమస్కంధం అతనిని లెక్కించిన మాట నిజమే. కాని అతడు కృష్ణుని తనవానిగా తలచి తిట్టలేదు. పురుషోత్తమునిది ఇంటిపెద్దను నిలదీసే చనువు. హంసలదీవి గోపాలునిపైనా శతకం చెప్పిన ఈ కవికి తన సీమ దేవుళ్ళతో ఆ చనువు కొత్త కాదు. దెప్పిపొడిచిన ప్రతి పద్యంలోను మకుటానికి వచ్చేసరికి అతడు స్వామిని దాక్షిణ్యం కలవానిగానే సంబోధిస్తాడు.