పంటి కొసకు ఎన్ని కిలోలు?

మెకానికల్ డిప్లొమా చదువుతున్న కుర్రాడొకడు క్లాసులో అడిగాడు: “ఇంజిన్ అదే, పంపు అదే, ఆయిల్ అదే కదండీ. బకెట్ తీసి రిప్పర్ బిగిస్తే ట్రాక్టర్‌కి అంత బలం ఎక్కడి నుంచి వస్తుందండీ?” వాళ్ల నాన్న కోనసీమలోని అల్లవరం దగ్గర కొబ్బరితోటలో బోదెలు తీయడానికి చిన్న ట్రాక్టర్‌కి వెనక తవ్వే చెయ్యి (బ్యాక్‌హో) తగిలించే ఆలోచనలో ఉన్నారట. షాపులో మూడు సైజుల బకెట్లు, ఒక రిప్పర్ చూపించి ఏది కావాలో తేల్చుకోమన్నారు.

బలం ఎక్కడి నుంచీ రాదు. ఉన్న బలాన్ని ఎన్ని పళ్లకు పంచుతున్నామన్నదే లెక్క. ఆ లెక్క బోర్డు మీద వేసి చూద్దాం.

బకెట్‌ను తిప్పే సిలిండర్ లోపలి వ్యాసం 7 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే పిస్టన్ వైశాల్యం సుమారు 38.5 చదరపు సెంటీమీటర్లు. పంపు ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలైతే పిస్టన్ మీద పడే తోపు 5,775 కిలోలు. చిన్న ట్రాక్టర్‌లో దాదాపు ఆరు టన్నుల తోపు! ఇదంతా పాస్కల్ సూత్రం చలవే. కానీ ఆ ఆరు టన్నులూ పంటి కొస దాకా రావు. బకెట్ తిరిగే పిన్ను నుంచి తోపు పనిచేసే దూరం 20 సెంటీమీటర్లు, పంటి కొస ఉన్న దూరం 75 సెంటీమీటర్లు అయితే కొస దగ్గర మిగిలేది 1,540 కిలోలు. నాలుగు పళ్ల బకెట్ అయితే పంటికి 385 కిలోలు. రెండు పళ్ల సన్న బకెట్ అయితే పంటికి 770.

ఇప్పుడు రిప్పర్ సంగతి. అది బలమైన ఒంటి పన్ను. మోచేయిలా వంగి ఉంటుంది కాబట్టి దాని కొస పిన్నుకు దగ్గరగా, 60 సెంటీమీటర్లలోనే ఉందనుకోండి. ఆ ఒక్క కొసకే 1,925 కిలోలు. నాలుగు పళ్ల బకెట్‌లో పంటికి వచ్చినదానికి సరిగ్గా అయిదు రెట్లు. ఇంజిన్‌కి అర హార్స్‌పవరైనా పెరగలేదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఆ సిలిండర్‌కీ బకెట్‌కీ మధ్య ఉండే ఏర్పాటు. రాడ్డు నేరుగా బకెట్‌కి తగిలి ఉండదు. మధ్యలో రెండు లింకులుంటాయి. నేరుగా బిగిస్తే ఏమవుతుంది? పిన్ను చుట్టూ బకెట్ తిరుగుతుంటే ఒకచోట రాడ్డూ పిన్నూ ఒకే గీత మీదకి వచ్చేస్తాయి. అక్కడ ఆరు టన్నులు కాదు, అరవై టన్నులతో తోసినా బకెట్ తిరగదు. పనికేమో బకెట్ నోరు బార్లా తెరిచిన చోటు నుంచి మట్టి ఒలకకుండా ముడుచుకునే దాకా దాదాపు అర చుట్టు తిరగాలి. బకెట్‌ను పట్టుకునే ఆర్మ్, ఆ బకెట్, రెండు లింకులు కలిసిన నాలుగు కడ్డీల చట్రం ఈ చిక్కు విప్పింది. రాడ్డు కదిలే కొద్దిపాటి దూరాన్నే అంత తిప్పుగా మారుస్తుంది.

దీనికీ ఒక ఖరీదుంది. తిప్పే బలం అన్ని కోణాల్లో ఒకేలా ఉండదు. మధ్యలో ఎక్కువ, రెండు చివర్లా తక్కువ. నా లెక్కలో 20 సెంటీమీటర్లన్నది మంచి కోణంలో మాటే. చెయ్యి తిరిగిన డ్రైవరు గట్టి నేల తగలగానే ఆర్మ్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపి, ఆ మధ్య కోణంలోనే పళ్లు కరిచేలా చూసుకుంటాడు. ఇంజిన్ మూలుగే అతనికి కొలబద్ద.

తాళ్లతో నడిచిన పాత యంత్రాలకు ఇలా పళ్లను నేలలోకి నెట్టే వీలు లేదు. తాడు లాగుతుందే గాని నెట్టలేదు. వెనక్కి లాగి తవ్వే బకెట్ నేలలోకి దిగాలంటే దాని సొంత బరువే దిక్కు. ఆయిల్ సిలిండర్ రెండు వైపులా పనిచేస్తుంది. అందుకే ఈ పని చిన్న ట్రాక్టర్‌కి చిక్కింది.

అయితే చిన్న ట్రాక్టర్‌కి తన బరువే హద్దు. కొస దగ్గర రెండు టన్నుల బలం ఉన్నా, ట్రాక్టర్ బరువు అంతకు తక్కువైతే నేల ఊడకముందే ముందు చక్రాలు పైకి లేస్తాయి. ఆర్మ్‌తో అడ్డంగా లాగితే, తడి బంకమట్టి మీద పట్టు దొరక్క బండే గోతి వైపు జారుతుంది. కాబట్టి రిప్పర్‌తో ఒక్క పట్టులో పెకలించబోకూడదు. కొస దింపి, కొద్దికొద్దిగా చీల్చాలి. మట్టి నొక్కుడుకు తట్టుకున్నంతగా లాగుడుకు తట్టుకోదు. కింద నుంచి పైకి ఎత్తితే పగుళ్లుగా విడిపోతుంది. గునపం చేసే పనీ ఇదే.

మరైతే అల్లవరంలో రిప్పర్ కొనాలా? లోపలి పొలాల్లో గోదావరి ఒండ్రు, బంకమట్టి. ఓడలరేవు వైపు సముద్రం పక్కన ఇసుక. బద్దలు కొట్టడానికి రాయి లేదు. ఇక్కడ పేచీ గట్టితనంతో కాదు, జిగటతో. సన్న బకెట్‌లో పంటికి బలం ఎక్కువని చెప్పుకున్నాం కదా, బంకమట్టి అక్కడే ఎదురు తిరుగుతుంది. బకెట్ వెడల్పు సగం చేస్తే పట్టే మట్టి సగమవుతుంది, రెండు పక్క గోడల వైశాల్యం మాత్రం తగ్గదు. అంటే ప్రతి కిలో మట్టినీ పట్టుకునే ఇనుము ఎక్కువైంది. బకెట్ బోర్లించినా మట్టి రాలదు. అందుకే మంచి సన్న బకెట్ నోటి దగ్గర వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ ఇరుకుగా ఉంటుంది. కాస్త కదిలిన మట్టి ముద్దకు ఇక గోడలు తగలవు. వెనక రంధ్రాలుంటే గాలి దూరి పీల్పు వదులుతుంది.

పూడిక తీతది సన్న బకెట్‌కి పూర్తిగా ఎదురు లెక్క. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ముంపు నీరు పోయే దారి లేకపోవడమొకటి. ఆ నీరు పోవాల్సిన మురుగు బోదెలో బురద మెత్తన. అక్కడ పంటికి ఎన్ని కిలోలన్న ప్రశ్నే లేదు. పళ్లు లేని, లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న బకెట్ కావాలి. పళ్లుంటే బోదె అడుగున గాడులు పడి, నీరు నిలుస్తుంది.

రిప్పర్ నిజంగా అక్కరకొచ్చేది కొబ్బరి మోడు దగ్గర. కొబ్బరికి తల్లివేరు ఉండదు. తాళ్లలాంటి పీచువేళ్లు వేల సంఖ్యలో చుట్టూ అల్లుకుంటాయి. మట్టిలా కాదు, పీచు లాగుడుకు బాగా తట్టుకుంటుంది. మొత్తంగా ఎత్తబోతే బండే లేస్తుంది. చుట్టూ తిరుగుతూ కొసతో కొన్ని కొన్ని వేళ్లే తెంపాలి. కుళ్లిన మోడు కొమ్ముపురుగుకు పుట్టిల్లు కాబట్టి ఆ పని వాయిదా వేసేది కాదు. గానోడెర్మా తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తీయాలన్నా అడుగు వెడల్పు సన్న బకెట్ సరిపోతుంది.

తాళ్ల యంత్రాల తర్వాతి చరిత్ర క్లుప్తంగా: 1948లో అమెరికాలో వైనో హోలోపైనెన్, రాయ్ హ్యాండీ పూర్తిగా ఆయిల్ ఒత్తిడితో నడిచే బ్యాక్‌హోను ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్‌కి తగిలించి అమ్మారు. 1953లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ ముందు లోడర్, వెనక బ్యాక్‌హో ఒకే బండికి పెట్టాడు. 1979లో ఆ జేసీబీ మన దేశంలో బల్లభ్‌గఢ్‌కి వచ్చింది. తర్వాత ఊరూరికీ చేరింది.

కుర్రాడి ఇంటికి నా సలహా ఇది. మొదట రెండే కొనండి: అడుగు వెడల్పు పళ్ల బకెట్, పళ్లు లేని వెడల్పు బకెట్. తోటలో మోళ్లు నాలుగైదే అయితే రిప్పర్ అద్దెకు తెచ్చుకోండి, ఎక్కువుంటే కొనుక్కోండి. షాపుకి టేపు పట్టుకెళ్లండి. పిన్ను మందం, చెవుల మధ్య ఖాళీ మీ ఆర్మ్‌కి సరిపోతాయో లేదో చూసి, పిన్ను నుంచి పంటి కొస దాకా కొలవండి. బకెట్‌లో ఎంత మట్టి పడుతుందన్నది ఆ తర్వాత అడగొచ్చు.