తలమీద చెయ్యి వేసుకుని...

బాప్తిస్మం కాగానే తన తలమీద తనే చెయ్యి వేసుకోవాలి. సువార్త చెప్పితీరతానని మాటివ్వాలి. డోర్నకల్ పల్లెల్లో కొత్త విశ్వాసులతో బిషప్ అజరయ్య చేయించిన ప్రమాణమిది. 1912లో ఆంగ్లికన్ బిషప్ అయిన తొలి భారతీయుడాయన.

అలా మాటిచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగలే. నువ్వెవరన్నది అప్పటిదాకా ఊరు చెప్పింది. ఇకమీదట చెప్పాల్సింది దేవుడే!

అయినా కులం వదల్లేదు. చర్చిలోకీ వెంటవచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మతం మారిన దళితులు తెలుగు రాష్ట్రాల్లో 'బీసీ-సి'. ఊరికి ఒకరు, సర్కారుకి మరొకరు. ఆదివారం మోకరిల్లినప్పుడు మాత్రం... ఆయన బిడ్డలు. ఆ మాటే వాళ్లకు చివరిమాట.